చెమట సొమ్ముకు సుంకం, సట్టా సొమ్ముకు సడలింపు

(ద్రవ్య లావాదేవీలపై అంతర్జాతీయ పన్ను గురించి ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ అంశాన్ని సదస్సుకు ఎంచుకున్నామని తెలిసినప్పుడు మిత్రులు కొందరు పెదవి విరిచారు. వక్ఫ్ ఆస్తుల గొడవ తీరలేదు, పిల్లల ఉపకార వేతనాలు ఆగిపోయాయి, ఇన్ని కష్టాలు ఇంటి ముందు ఉండగా లండన్‌లో, న్యూయార్క్‌లో జరిగే డాలర్ల క్రయవిక్రయాలపై పన్ను వేయాలా వద్దా అన్నది మనకెందుకు అని అడిగారు. వారి ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం చెప్పిన తరువాతే ముందుకు వెళతాము.

2025 జూలై 4న అమెరికాలో ఒక చట్టం వచ్చింది. ఆ దేశం నుంచి విదేశాలకు నగదు రూపంలో గాని, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు వంటి పత్రాల ద్వారా గాని డబ్బు పంపేవారు 2026 జనవరి 1 నుంచి ఒక శాతం పన్ను కట్టాలి. ప్రతిపాదనగా వచ్చినప్పుడు అది 5 శాతం. పౌరసత్వం లేనివారిపై మాత్రమే వేయాలనుకున్నారు. తరువాత 3.5 శాతానికి, చివరకు ఒక శాతానికి దిగింది. బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి ఈ పన్ను లేదు. కాబట్టి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు యువకుల మీద దీని భారం దాదాపు పడదు. మరి ఎవరి మీద పడుతుంది? బ్యాంకు ఖాతా లేనివాడి మీద, వంటగదుల్లో, తోటల్లో, నిర్మాణ పనుల్లో కూలిని చేతికి నగదుగా తీసుకునేవాడి మీద పడుతుంది. ప్రతిపాదన వెలువడిన నాటి నుంచి చట్టమయ్యే వరకు పట్టిన కాలం రెండు నెలల లోపే.

ఇక రెండవ పన్ను సంగతి. కరెన్సీలతో, షేర్లతో, వాటి మీద పందేలతో రోజుకు లక్షల కోట్ల డాలర్లు తిప్పేవారు వందకు పది పైసలో, అంతకన్నా తక్కువో చెల్లించాలన్న ప్రతిపాదన 1972లో పుట్టింది. యాభై ఏళ్లు గడిచిపోయాయి. అంతర్జాతీయ పన్నుగా అది నేటికీ అమలుకు నోచుకోలేదు. ఒక పన్నుకు రెండు నెలలు, మరొకదానికి అర్ధ శతాబ్దం చాలకపోవడం. ఈ తేడా ఎలా వచ్చిందో తెలుసుకోవడం మనకు అవసరం.

ఆ ప్రతిపాదన చేసినవాడు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆర్థిక శాస్త్రవేత్త జేమ్స్ టోబిన్. 1981లో నోబెల్ బహుమతి పొందాడు. ఆయన విప్లవవాది కాడు, స్వేచ్ఛా వాణిజ్యానికి సమర్థకుడే. 1971 ఆగస్టులో అధ్యక్షుడు నిక్సన్ డాలరుకు బంగారంతో ఉన్న ముడిని తెంచివేశాడు. దేశాల కరెన్సీల విలువలు స్థిరత్వం కోల్పోయి ఊగిసలాట మొదలైంది. ఆ ఊగిసలాట మీదనే లాభాలు దండుకునే వ్యాపారం పెరుగుతుందని టోబిన్ గ్రహించాడు. ఒక కరెన్సీని మరొక కరెన్సీలోకి మార్చిన ప్రతిసారీ స్వల్ప పన్ను వేస్తే ఆ చక్రాల వేగం కొంత తగ్గుతుందని అన్నాడు. ఆలోచన పూర్తిగా కొత్తదేమీ కాదు. షేర్ మార్కెట్ విషయంలో ఇటువంటి సూచననే బ్రిటిష్ ఆర్థికవేత్త కీన్స్ 1936లో చేసి ఉన్నాడు.

ఈ పన్నులోని కిటుకును లెక్కతో చెబితే సులభంగా అర్థమవుతుంది. పన్ను నూటికి పది పైసలనుకుందాము. ఒక వ్యాపారి యంత్రాల దిగుమతి కోసం ఏడాదికి ఒకసారి రూపాయలను డాలర్లుగా మారుస్తాడు. లక్ష రూపాయలకు వంద రూపాయలు పోతాయి; అతనికది పెద్ద లెక్క కాదు. మరొకడు అదే లక్షతో ఉదయం డాలర్లు కొని సాయంత్రం అమ్ముతాడు, ఏడాదికి 250 రోజులు ఇదే పని చేస్తాడు. రోజుకు రెండుసార్లు చొప్పున లెక్క కడితే పన్ను 50 వేలవుతుంది. అసలులో సగం! సరుకు కోసం మార్చేవాడిని ఈ పన్ను తాకీ తాకనట్లు పోతుంది. మార్చడమే వ్యాపారంగా పెట్టుకున్నవాడిని మాత్రం గట్టిగా పట్టుకుంటుంది.

ఈ వ్యాపారం ఎంత పెద్దదంటే, అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు మూడేళ్లకొకసారి జరిపే సర్వే ప్రకారం 1998లో రోజుకు 1.5 లక్షల కోట్ల డాలర్ల కరెన్సీ చేతులు మారేది. 2022 నాటికి అది 7.5 లక్షల కోట్లు, 2025 ఏప్రిల్‌లో 9.6 లక్షల కోట్లు. 2022లో ప్రపంచ దేశాలన్నీ కలిసి ఏడాది పొడవునా చేసిన సరుకుల ఎగుమతుల విలువ సుమారు 25 లక్షల కోట్ల డాలర్లు. అంటే గోధుమలు, పెట్రోలు, మందులు, యంత్రాలు అన్నీ కలిపి ఏడాదిలో జరిగిన వాణిజ్యం కరెన్సీ బజారులో నాలుగు రోజుల పని కూడా కాదు. ఇదంతా సట్టాయే అని మేము అనడం లేదు. నష్టం నుంచి రక్షణ కోసం జరిగే లావాదేవీలు కూడా అందులో ఉన్నాయి. కాని సరుకుకు, సొమ్ముకు మధ్య ఉండవలసిన పొత్తు తెగిపోయిందనడానికి ఈ అంకెలు చాలు.

ఆ పొత్తు తెగితే ఏమవుతుందో ఇండోనేషియా చూసింది. ఈ ఒక్క ఉదాహరణ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాము. అది ప్రపంచంలో అత్యధిక ముస్లిం జనాభా గల దేశం కావడం ఒక కారణం. రెండవ కారణం చివరలో మీకే తెలుస్తుంది.

1997 జూలై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్‌ను కాపాడుకోలేక వదిలివేసింది. మంట పక్క ఇళ్లకు అంటుకుంది. అప్పటికి ఒక డాలరుకు సుమారు 2,400 ఉన్న ఇండోనేషియా రూపియా, 1998 జనవరిలో 10 వేలు దాటి, జూన్ నాటికి 16 వేల సమీపానికి పడిపోయింది. డాలర్లలో అప్పు తెచ్చుకున్న కంపెనీలు కూలిపోయాయి. బియ్యం, వంటనూనె, కిరోసిన్ ధరలు పేదల చేతికి అందకుండా పోయాయి. అంతకుముందు ఏడాది పంటలో, పనిలో, పాఠశాలలో ఉన్న మనుషులు మరుసటి ఏడాది రోడ్డున పడ్డారు. వారు చేసిన తప్పు ఏదీ లేదు.

తరువాత జరిగినది ఇంకా ఘోరం. ప్రజల ఆగ్రహం కరెన్సీ వ్యాపారుల మీదకు పోలేదు. వారు కనబడరు గదా. 1998 మే నెలలో జకార్తా, మెదాన్, సోలో నగరాల్లో అది వీధి చివర దుకాణం పెట్టుకున్న చైనా సంతతి అల్పసంఖ్యాకుల మీదకు మళ్లింది. దుకాణాలు దోచారు, తగులబెట్టారు. స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. వెయ్యిమందికి పైగా మరణించారు. మంటల్లో చిక్కుకున్న దుకాణ సముదాయాల్లో కాలిపోయినవారిలో పేద ముస్లింలు కూడా ఎందరో ఉన్నారు. మే 21న సుహార్తో గద్దె దిగాడు. అక్కడ అధిక సంఖ్యాకులు మన ధర్మం వారు. ఈ మాట మనం దాచుకోకూడదు. ఆర్థిక వ్యవస్థ కూలినప్పుడు ఏ దేశంలోనైనా ముందుగా వేలు చూపబడేది అల్పసంఖ్యాకుల వైపే. ఇక్కడ ఆ స్థానంలో ఉన్న మనకంటే ఈ సంగతి ఎవరికి బాగా తెలుస్తుంది?

పొరుగున ఉన్న మలేషియా మరొక దారి పట్టింది. ప్రధాని మహతీర్ ముహమ్మద్ 1998 సెప్టెంబరులో విదేశీ పెట్టుబడి రాకపోకలపై ఆంక్షలు విధించి, రింగిట్‌ను డాలరుకు 3.80గా స్థిరపరిచాడు. అంతర్జాతీయ ద్రవ్యనిధి సిద్ధాంతాలకు అది విరుద్ధం; అయినా మలేషియా తేరుకుంది. ఈ ధైర్యాన్ని మెచ్చుకుంటూనే ఒక మాట చెప్పక తప్పదు. అంతకు ముందరి ఏడాది ఆయన, కరెన్సీ వ్యాపారి జార్జ్ సోరోస్‌ను విమర్శిస్తూ అతడు యూదుడన్న విషయాన్ని ఎత్తి చూపాడు. అది తప్పు. సట్టాకు మతం లేదు. ఒక వ్యాపారి చేసిన పనికి అతని జాతిని బోనెక్కించడం ఎంత అన్యాయమో నిత్యం అనుభవించే సమాజం మనది. మన సభల్లో కూడా ఆ ధోరణి అప్పుడప్పుడు వినిపిస్తుంది గనుక చెబుతున్నాము.

ఆసియా సంక్షోభం తరువాతనే టోబిన్ పన్ను పుస్తకాల నుంచి వీధుల్లోకి వచ్చింది. ఫ్రాన్స్‌లో 1998లో అట్టాక్ అనే సంస్థ ఏర్పడి ఉద్యమం నడిపింది. 1999 మార్చిలో కెనడా పార్లమెంటు దిగువ సభ ఈ పన్నుకు అనుకూలంగా తీర్మానించింది. బెల్జియం 2004లో ఏకంగా చట్టమే చేసింది. కాని యూరో దేశాలన్నీ కలిసివస్తేనే అమలు అని అందులో మెలిక ఉంది. అందరూ ఇంకొకరు ముందు నడవాలని ఎదురుచూశారు. టోబిన్ కూడా తన పేరును ఉద్యమకారులు వాడుకోవడం పట్ల అసంతృప్తి చెందాడు. ఆయన కోరింది కరెన్సీల స్థిరత్వం. ఉద్యమకారులు కోరింది పేద దేశాలకు నిధులు.

2008 సంక్షోభంలో బ్యాంకులను ప్రజాధనంతో నిలబెట్టవలసి వచ్చింది. అప్పుడు వాదన మళ్లీ లేచింది. 2009 నవంబరులో బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ జి-20 ఆర్థిక మంత్రుల ముందు ఈ ప్రస్తావన తెస్తే అమెరికా ఒప్పుకోలేదు. 2011 సెప్టెంబరులో యూరోపియన్ కమిషన్ స్పష్టమైన ముసాయిదా పెట్టింది: షేర్లు, బాండ్లపై 0.1 శాతం, డెరివేటివ్‌లపై 0.01 శాతం, ఏడాదికి 5,700 కోట్ల యూరోల రాబడి. (సున్నాల దగ్గర తడబడితే క్షమించండి. ఈ సున్నాల వల్లనే సామాన్యులు ఈ చర్చకు దూరంగా ఉండిపోతున్నారు.) బ్రిటన్, స్వీడన్ తీవ్రంగా వ్యతిరేకించాయి. కొత్త ప్రధాని కామెరాన్ దావోస్‌లో దీన్ని పిచ్చితనమని తీసిపారేశాడు. 11 దేశాలు విడిగా ముందుకు పోదామనుకున్నాయి, ఎస్తోనియా తప్పుకుని పదయ్యాయి, ఏళ్ల తరబడి చర్చలు సాగాయి, ఉమ్మడి పన్ను మాత్రం రాలేదు. ఫ్రాన్స్ 2012లో, ఇటలీ 2013లో, స్పెయిన్ 2021లో తమ తమ పన్నులు తామే వేసుకున్నాయి.

వ్యతిరేకుల వాదనలన్నీ స్వార్థమే అనలేము. వారు చూపే బలమైన ఉదాహరణ స్వీడన్. 1984లో ఆ దేశం షేర్ల వ్యాపారంపై పన్ను వేసింది, 1986లో రెట్టింపు చేసింది, 1989లో బాండ్లకూ విస్తరించింది. వ్యాపారం లండన్‌కు తరలిపోయింది. 1991 నాటికి పన్ను ఎత్తివేశారు. పన్ను వేస్తే పిట్ట ఎగిరిపోతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యమేమి కావాలని అడుగుతారు.

అయితే అదే లండన్‌లో షేర్ల బదిలీపై స్టాంపు సుంకం ఉంది. దాని మూలం 1694 నాటిది. నేటి రేటు 0.5 శాతం, అంటే యూరోపియన్ కమిషన్ అడిగినదానికి ఐదు రెట్లు. పిట్ట అక్కడి నుంచి ఎందుకు ఎగిరిపోలేదు? తేడా పన్ను రేటులో లేదు, పన్ను పట్టే చోట ఉంది. స్వీడన్ తన దేశపు బ్రోకర్ల మీద వేసింది. విదేశీ బ్రోకర్ దగ్గరకు పోతే తప్పించుకోవచ్చు. బ్రిటన్ తన దేశపు కంపెనీ షేరు మీద వేసింది; ఆ షేరును టోక్యోలో కొన్నా సుంకం కట్టవలసిందే. దారిలో టోల్‌గేటు పెడితే బండి పక్కదారి పడుతుంది. పన్ను బండితోపాటే ఉంటే ఏ దారిన పోయినా తప్పదు. కామెరాన్ పిచ్చితనమన్న పన్నును ఆయన ఖజానాయే మూడు వందల ఏళ్లుగా వసూలు చేస్తోంది.

మరొక అభ్యంతరానికి మాత్రం మేము తల వంచుతాము. ఒక కరెన్సీ సగానికి పడిపోతుందని అందరూ నమ్మిన రోజున పది పైసల పన్ను ఎవరినీ ఆపదు. 1997లో ఈ పన్ను ఉన్నా రూపియా నిలిచేదని చెప్పలేము. అందుకే జర్మన్ ఆర్థికవేత్త పాల్ స్పాన్ మామూలు రోజుల్లో స్వల్పంగా, అలజడి రోజుల్లో చాలా అధికంగా ఉండే రెండంచెల పన్నును సూచించాడు. బెల్జియం చట్టం ఆ పద్ధతినే తీసుకుంది. ఏదేమైనా, ఈ ఒక్క పన్నుతో సంక్షోభాలన్నీ పోతాయని చెప్పేవారిని నమ్మకండి.

ఇప్పుడు మన ఇంటిలోని అభ్యంతరాలు. ఈ సదస్సుకు ముందు కొందరు ఉలమాలను కలిసినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. మొదటిది: ఈ వ్యాపారంలో అధిక భాగం షరీఅత్ దృష్టిలో నిషిద్ధం. కరెన్సీ మార్పిడి అక్కడికక్కడ, చేతికి చేయిగా ముగియాలి. 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ కాగితపు కరెన్సీకి కూడా బంగారం, వెండి నియమాలే వర్తిస్తాయని తీర్మానించింది. అటువంటప్పుడు హరామ్ మీద పన్ను అడగడమంటే దానిని ఒప్పుకున్నట్లు కాదా? మా అవగాహనలో కాదు. మద్యం మీద సుంకం ఉన్నంత మాత్రాన మద్యం హలాల్ కాలేదు. ఆ బజారును మూసివేసే శక్తి మన చేతిలో లేదు. దాని వల్ల పేదలకు కలిగే హానిని తగ్గించమని అడిగే హక్కు మాత్రం ఉంది.

రెండవది: జకాత్ ఉండగా వేరే పన్ను ఏమిటి? జకాత్ ఆరాధన, దాని పాత్రులు ఖుర్ఆన్‌లో నిర్ణయించబడ్డారు; దాని స్థానంలో ఏ పన్నూ రాదు. అన్యాయంగా గుంజే సుంకాలను మన ధర్మశాస్త్రం తీవ్రంగా ఖండించింది. కాని ఖజానా ఖాళీ అయి, అవసరం నిజమైనదైనప్పుడు సంపన్నులపై అదనపు భారం వేయవచ్చని ఇమామ్ గజాలీ, ఇమామ్ షాతిబీ వంటివారు షరతులతో అంగీకరించారు. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సరిహద్దులు దాటి వచ్చే వర్తకుల సరుకుపై సుంకం విధించారు. ఇతర రాజ్యాలు ముస్లిం వర్తకుల నుంచి వసూలు చేస్తున్నాయన్న ఫిర్యాదు వచ్చిన తరువాతనే ఆ ఏర్పాటు జరిగింది. అందులో 200 దిర్హముల కన్నా తక్కువ సరుకుపై సుంకం వద్దన్న నియమం కూడా ఉంది.

ఆ 200 దిర్హముల నియమం ఇప్పుడు మనకు పనికివస్తుంది. ఎందుకంటే గల్ఫ్ కుటుంబాల నుంచి వచ్చే ప్రశ్న అదే: కరెన్సీ మార్పిడిపై పన్ను వస్తే రియాద్‌లో డ్రైవరుగా పనిచేసే నా కొడుకు పంపే డబ్బుకు కూడా వస్తుంది గదా? హైదరాబాదు పాతబస్తీలోనూ, కడప, రాయచోటి ప్రాంతాల్లోనూ ఈ డబ్బు మీదనే పొయ్యి వెలిగే ఇళ్లు ఎన్నో. పది పైసల లెక్కన 20 వేల రూపాయలకు 20 రూపాయలు. అది చిన్నదే. అయినా మేము అది కూడా వద్దంటున్నాము. కార్మికులు స్వదేశాలకు పంపే డబ్బు మీద సంస్థలు తీసుకునే రుసుము ప్రపంచ సగటున ఇప్పటికే 6 శాతం పైన ఉంది. 2030 నాటికి దాన్ని 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్య సమితి లక్ష్యం పెట్టుకుంది. దాని మీద మరొక రూపాయి కూడా పడకూడదు. బ్రెజిల్‌లో ఆరోగ్యం పేరుతో 1997 నుంచి 2007 వరకు బ్యాంకు ఖాతాల లావాదేవీలపై పన్ను నడిచింది. పెద్ద, చిన్న తేడా లేకుండా అందరి ఖాతాలూ కోసినందున ప్రజల అభిమానం పొందలేక చివరకు సెనేట్‌లో ఓడిపోయింది. పరిమితి లేని పన్నుకు ఆ గతే పడుతుంది.

మన దేశంలో ఇటువంటి పన్ను లేదని అనుకోవద్దు. 2004 అక్టోబరు 1 నుంచి షేర్ల లావాదేవీలపై ఉంది. చిదంబరం ఆర్థిక మంత్రిగా ప్రవేశపెట్టినప్పుడు బ్రోకర్లు గగ్గోలు పెట్టారు, రేటు తగ్గించారు, పన్ను నిలిచింది, మార్కెట్ కూలిపోలేదు. 2024-25లో దాని రాబడి 50 వేల కోట్ల రూపాయలకు పైగా. అదే ఏడాది బడ్జెట్‌లో కేంద్ర అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖకు కేటాయించినది 3,183 కోట్లు. మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022లో నిలిపివేసినప్పుడు ఇతర పథకాలతో అతివ్యాప్తి ఉందని కారణం చెప్పారు. డబ్బు లేదని చెప్పలేదు. చెప్పడానికి వీలు లేదు కూడా.

ఇక మన యువకుల మాట. సెబీ 2024 సెప్టెంబరులో వెలువరించిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో చేయి పెట్టిన కోటిమందికి పైగా వ్యక్తిగత మదుపరులలో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైబడింది. ఫోన్‌లో ఆడే ఈ ఆటను వ్యాపారమని చెప్పుకునే పిల్లలు మన మొహల్లాల్లో కూడా ఉన్నారు. చెల్లెలి పెళ్లికి దాచిన డబ్బు ఎక్కడికి పోయిందో తండ్రికి చెప్పలేక తలదించుకుని కూర్చున్న పిల్లవాడిని మేము చూశాము. పేకాట అంటే చెవులు మూసుకునే ఇళ్లలోకే ఇది షేర్ మార్కెట్ పేరుతో ప్రవేశించింది. జుమా ఖుత్బాలలో దీని ప్రస్తావన రావాలని ఖతీబులను కోరుతున్నాము.

2011లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్, వాటికన్‌లోని న్యాయ శాంతి మండలి ఈ పన్నును బహిరంగంగా సమర్థించారు. సంపద ధనికుల మధ్యనే తిరుగుతూ ఉండకూడదన్న బోధ కలిగిన మన వైపు నుంచి అంత బలమైన గొంతు వినిపించిందని చెప్పలేము. ఐక్యరాజ్య సమితిలో ఇప్పుడు అంతర్జాతీయ పన్నుల ఒడంబడికపై చర్చలు నడుస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో అమెరికా వాటి నుంచి లేచిపోయినా మిగతా దేశాలు కూర్చునే ఉన్నాయి. మన పార్లమెంటు సభ్యులకు పంపదలచిన లేఖలో మూడు కోరికలు రాశాము. ఆ చర్చల్లో భారతదేశం ద్రవ్య లావాదేవీల పన్ను ప్రస్తావన తేవాలి. వలస కార్మికులు పంపే డబ్బును, నిర్ణీత పరిమితి లోపు మార్పిడులను పూర్తిగా మినహాయించాలి. వచ్చిన రాబడిలో ఒక భాగం వెనుకబడిన వర్గాల విద్యకు, ఆరోగ్యానికి చట్టబద్ధంగా ముడిపడాలి.

మూడవ కోరిక దగ్గర మా బృందంలోనే ఒక సోదరి ఆపింది. సట్టా మీద వచ్చిన పన్ను సొమ్ముతో మన బిడ్డలకు ఉపకార వేతనం ఇస్తే అది తీసుకోవచ్చునా అని అడిగింది. వడ్డీగా వచ్చిపడిన సొమ్మును పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయవచ్చని ఉలమాలు చెప్పడం మనకు తెలుసు. మసీదు కట్టడానికి కూడదనీ తెలుసు. ప్రభుత్వ ఖజానాలో కలిసిన తరువాత దాని స్వభావం మారుతుందా, మారదా? దీనికి జవాబు చెప్పే అర్హత మాకు లేదు. వేదిక మీద ఉన్న ముఫ్తీ గారిని ఈ ప్రశ్న తీసుకోవలసిందిగా కోరుతూ, ఆయన జవాబు విన్న తరువాతనే లేఖపై సంతకాల కాగితం మీ మధ్యకు పంపుతాము.